క్వేకర్ల ఆర్గన్: 280 గొట్టాల్లో 61 మా బేస్‌మెంట్‌కి

అమెరికాలోని తూర్పు ఇండియానాలో ఒక క్వేకర్ మీటింగ్ హౌస్ (క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రార్థన మందిరం) తన పైపు ఆర్గన్‌ను వదులుకుంది. అందులోంచి ఒక వరస గొట్టాలు తెచ్చి ఇంట్లో మళ్లీ మోగించే పని ఇది. ఇంకా పూర్తి కాలేదు. ఇలాంటి పాత వాయిద్యం ఎవరికైనా ఊరికే దొరికితే ముందు ఏం కొలవాలి, ఏది ముట్టుకోకూడదు, డబ్బు ఎక్కడ పోతుంది అన్నవి తెలియాలని రాసిపెడుతున్నాను. మీటింగ్ హౌస్ పేరు, ఆర్గన్ కట్టిన కంపెనీ పేరు ఇక్కడ ఉండవు.

హార్మోనియం తెలిసినవాళ్ల కోసం ఒక్క మాట. హార్మోనియంలో ఇత్తడి రీడ్లు కదిలి మోగుతాయి. ఈ ఆర్గన్‌లో కదిలే రీడ్లు లేవు. ప్రతి స్వరానికీ ఒక గొట్టం, దానికి ఈల నోరు. ఒకే రకం నాదం ఉన్న గొట్టాల వరసను ర్యాంకు అంటారు. ఇందులో నాలుగు ర్యాంకులు: డయాపేసన్ 61, సాలిసినల్ 61, డల్సియానా 61, మూత ఉన్న ఫ్లూట్ 97. మొత్తం 280.

దశ 1: కరెంటు ఉండగానే గాలి కొలవడం

గొట్టం నోరు, కింద గాలి దూరే రంధ్రం ఒక ఒత్తిడికి సరిపోయేలా కోసి సరిచేసి ఉంటాయి. ఆ ఒత్తిడి ఎంతో తెలియకుండా గొట్టాలు ఇంటికి తెచ్చుకుంటే అది చెక్క సామానే. గాలి ఊదే యంత్రం (బ్లోయర్) వైరు పీకేశాక ఆ అంకె ఇక దొరకదు. అందుకే స్క్రూడ్రైవర్ బయటికి తీయకముందే ఇది చేయాలి.

1. రెండు మీటర్ల పారదర్శకమైన ట్యూబును వంచి, రెండు నిలువు కాళ్లు ఉండేలా ఒక చెక్కకు బిగించి, సగం దాకా రంగు నీళ్లు పోయాలి.
2. ఒక చిన్న గొట్టం తీసి, గొట్టాలు నిలబడే గాలి పెట్టె మీద దాని రంధ్రంలో ట్యూబు చివరను రబ్బరు బిరడాతో దిగ్గొట్టాలి. ఆ గొట్టం తాలూకు మీట నొక్కి పట్టుకోవాలి.
3. రెండు కాళ్లలో నీటి మట్టాల మధ్య మొత్తం తేడా చదవాలి. ఒక వైపు 2 అంగుళాలు దిగితే రెండోవైపు 2 ఎక్కుతుంది. లెక్క 4. ఒక వైపే చూసి సగం అంకె రాసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

వచ్చిన అంకెలు: బ్లోయర్ నోటి దగ్గర 5.5 అంగుళాలు, గాలి పెట్టెలో 4.0, రెండు చేతులా నిండుగా మీటలు నొక్కితే 3.2. ఆ 0.8 పడిపోవడం గాలిని ఒకే ఒత్తిడిలో ఉంచే తిత్తి మూలల్లో తోలు చిరగడం వల్ల. మనకు కావాల్సింది మధ్య అంకె, గాలి పెట్టెలోది. 4 అంగుళాల నీరంటే సుమారు 1000 పాస్కల్.

శ్రుతి కూడా అప్పుడే చూశాం. గది 18 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ‘ఏ’ స్వరం 437.5 హెర్ట్జ్, అంటే 440కి 10 సెంట్లు తక్కువ (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). గాలి ఒక డిగ్రీ వేడెక్కితే గొట్టం శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. కాబట్టి దీన్ని 21 డిగ్రీల గదిలో 440కి శ్రుతి చేశారని అర్థం. 19వ శతాబ్దం చివర్లో వాడుకలో ఉన్న 435కి చేసి ఉంటే ఇంకో 20 సెంట్లు కిందికి ఉండేది, గొట్టాల పైన మూతగా ఉండే బిరడాలన్నీ జరపాల్సి వచ్చేది. ఆ టెన్షన్ తప్పింది.

ఇప్పటివరకు ఖర్చు: 6 డాలర్లు.

దశ 2: మినిట్స్ పుస్తకాల్లో ఆర్గన్

అసలు క్వేకర్ల దగ్గర ఆర్గన్ ఏమిటని నాకూ అనిపించింది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ మొదలుపెట్టిన పద్ధతిలో పాస్టర్ లేడు, సంగీతం లేదు. అందరూ నిశ్శబ్దంగా కూర్చుంటారు, లోపలి నుంచి ప్రేరణ కలిగినవాళ్లు లేచి మాట్లాడతారు. సంగీతం మీద ఎంత పట్టింపంటే, లండన్‌లో సోలమన్ ఎక్లెస్ అనే సంగీత గురువు క్వేకర్‌గా మారాక తన వాయిద్యాలు అమ్మేశాడు. కొన్నవాడికి ఆ పాపం అంటుకుంటుందని మళ్లీ వెనక్కి తీసుకుని టవర్ హిల్ మీద తగలబెట్టాడు. ఫిలడెల్ఫియా వైపు పాత మీటింగ్ హౌసులకు వెళ్తే ఇప్పటికీ బల్లలే కనిపిస్తాయి.

ఇండియానా దారి వేరు. నార్త్ కరొలైనా నుంచి వచ్చిన క్వేకర్లు 1806లో ఇక్కడ రిచ్‌మండ్ ఊరికి పునాది వేశారు. 1827-28లో అమెరికన్ క్వేకర్లు రెండుగా చీలారు. 1870ల్లో ఈ ప్రాంతంలో భక్తిని మళ్లీ రగిలించే ఉజ్జీవ సభల ఊపు వచ్చింది, దాని వెంట కీర్తనలు, ఆ తర్వాత జీతం తీసుకునే పాస్టర్లు. పాట వచ్చాక పాటకు తోడు కావాలి కదా. అప్పటికే అదే రిచ్‌మండ్‌లో క్వేకర్ కుటుంబంలో పుట్టిన స్టార్ సోదరులు పియానోల వ్యాపారంలోకి దిగారు. ఆ కంపెనీ రికార్డింగ్ విభాగమైన జెనెట్‌లోనే 1923లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటిసారి రికార్డయ్యాడు. (ఇది మన పనికి సంబంధం లేని విషయం. కానీ ఎక్లెస్ వాయిద్యాలు తగలబెట్టిన సంగతి చదివిన వెంటనే ఇది చదివితే రాయకుండా ఉండలేం.)

ఈ మీటింగ్ హౌస్‌లో కూడా అదే వరస: ముందు కాలితో తొక్కే రీడ్ ఆర్గన్, తర్వాత పియానో, 1920ల్లో ఈ పైపు ఆర్గన్. క్వేకర్ల మినిట్స్ పుస్తకాలు ఇలాంటి పనికి బంగారం. ప్రతి నెలా ఏం అనుకున్నారో రాసిపెట్టుకుంటారు. కొనే ప్రస్తావన ఒక నెల మొదలై, పరిశీలనలో ఉంచామంటూ చాలా నెలలు సాగింది. వాళ్లలో ఓటింగ్ ఉండదు. అందరి మాటా విని, సభ ఎటు మొగ్గుతోందో క్లర్క్ ఒక వాక్యంగా చదువుతారు, అందరూ సరేనంటే అదే నిర్ణయం. నచ్చనివాళ్లు అడ్డుపడకుండా పక్కకు తప్పుకోవచ్చు. ఆర్గన్‌ను వదులుకునేటప్పుడూ ఇదే తంతు, ఇంతే నిదానం. మీరు ఇలాంటి చోట సామాను అడుగుతుంటే ట్రక్కు ముందే బుక్ చేసుకోకండి.

ఎందుకు వదులుకున్నారంటే, వచ్చేవాళ్లు తగ్గారు, వాయించేవాళ్లు లేరు, పైకప్పు కారింది. తోళ్లన్నీ మార్చడానికి వచ్చిన అంచనా ఏడాది మొత్తం చందాలను మించింది. మొత్తంగా ఎవరైనా తీసుకెళ్తారేమోనని చూశారు. అమెరికాలో వాడిన ఆర్గన్‌కు ధర పెద్దగా ఉండదు. విప్పి, మోసి, ఇంకోచోట నిలబెట్టడానికే అసలు ఖర్చు. అందుకే ఎవరూ రాలేదు.

అక్కడ ఎనభై దాటిన ట్రస్టీ కూడా తనను పేరు పెట్టే పిలవమంటారు. బిరుదులు, మర్యాద పదాలు వాడకపోవడం వాళ్లకు మొదటి నుంచీ నియమం. నాకు నోరు రాలేదు. చివరిదాకా ఏ సంబోధనా లేకుండా నెట్టుకొచ్చాను.

దశ 3: విప్పడం, పంపకం

1. చెక్క పెట్టె వెనక గోడకు సిమెంటు రేకు లాంటిది కనిపించింది. ఆస్బెస్టాస్ పరీక్షకు ముక్క పంపి, లేదని కాగితం వచ్చేదాకా ఆ గదిలో సుత్తి ఎత్తలేదు.
2. ప్రతి గొట్టానికీ పెన్సిల్‌తో నంబర్. పాత నంబర్లు ఉంటాయి కానీ ర్యాంకు పేరు ఉండదు.
3. లోహపు గొట్టాలు సీసం, తగరం కలిపినవి. చేతి తొడుగులు, పని అయ్యాక సబ్బుతో కడుగుడు. గరుకు కాగితంతో రుద్దకూడదు. పిల్లలకు అందకూడదు.
4. లోహపు గొట్టాన్ని రెండు చేతులా, పొడవునా పట్టుకోవాలి. ఒక్క చోట పట్టుకుంటే వంగుతుంది. పడుకోబెట్టి సర్దాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.
5. వైర్లకు పాత నూలు తొడుగు. మధ్యలో ఫ్యూజు లేదు. అవి అక్కడే కత్తిరించేశాం, ఒక్క అంగుళం కూడా తేలేదు.

280 గొట్టాలు ఎటు పోయాయంటే:

- డయాపేసన్ 61, ఫ్లూట్‌లో పై చిన్న గొట్టాలు 24: ఒహాయోలో ఆర్గన్లు బాగుచేసే ఒకాయనకు
- సాలిసినల్ 61: ఇంట్లో ఆర్గన్ కట్టుకుంటున్న ఇంకొకరికి
- డల్సియానా 61: పైకప్పు నీరు సరిగ్గా వీటి మీదే పడింది, పట్టుకునే చట్రం విరిగి గొట్టాలు నలిగాయి. పాత లోహం కింద పోయాయి
- ఫ్లూట్‌లో కింది 12: వీటిలో పెద్దవి మనిషి కంటే ఎత్తు. మీటింగ్ సభ్యుడొకాయన వాటి పలకలతో పుస్తకాల అరలు చేసుకున్నాడు
- ఫ్లూట్ 13 నుంచి 73 వరకు, 61: నాకు

ముందు వైపు కనిపించే బంగారు రంగు గొట్టాలు మోగేవి కావు, ఉత్త అలంకారం. 280లో లేవు. గోడ బోసిపోతుందని వాటిని ఉంచేశారు, వెనక స్పీకర్లు పెట్టారు. సభలో కూర్చున్నవాళ్లకు ఆర్గన్ పోయిందని తెలియదు.

ఖర్చు: ప్యాకింగ్, ట్రక్కు 118, మీటింగ్‌కు విరాళం 150. ఇప్పటిదాకా మొత్తం 274 డాలర్లు.

దశ 4: గాలి

డబ్బూ ఓపికా ఎక్కువగా పోయింది ఇక్కడే.

మొదట ఇంట్లో ఉన్న పాత వ్యాక్యూమ్ క్లీనర్ మోటారు పెట్టి చూశాను. పనికిరాదు. దానిది ఎక్కువ ఒత్తిడి, తక్కువ గాలి. మనకు తక్కువ ఒత్తిడిలో ఎక్కువ గాలి కావాలి. దారి మూసి ఒత్తిడి తగ్గిద్దామంటే, ఆ మోటారును చల్లబరిచేది దాని గుండా పోయే గాలే. మూస్తే కాలిపోతుంది. చప్పుడు సంగతి చెప్పక్కర్లేదు. వాడిన ఆర్గన్ బ్లోయర్ ఒకటి 220 డాలర్లకు దొరికింది.

తర్వాత తిత్తి. బ్లోయర్ నుంచి వచ్చే గాలిని ఒకే ఒత్తిడిలో ఉంచేది ఇదే. పై పలక మీద బరువు ఎంత ఉంటే ఒత్తిడి అంత. లెక్క సులువు: 1 అంగుళం నీటికి చదరపు మీటరుకు 25.4 కిలోలు. నా పలక 60 × 45 సెంటీమీటర్లు, అంటే 0.27 చదరపు మీటర్లు. 4 అంగుళాలకు 27.4 కిలోలు. పలక సొంత బరువు 3.4 పోగా పైన 24 కిలోలు పెట్టాలి. వ్యాయామం బరువులు సరిపోయాయి.

మూలలకు పల్చటి గొర్రె తోలు, పశువుల తోలుతో చేసిన వేడి బంక. బంక 60 నుంచి 63 డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకంటే మరిగిస్తే పట్టు పోతుంది. మామూలు తెల్ల బంకతో అతికిస్తే, ముప్పయ్యేళ్ల తర్వాత తోలు మార్చాల్సినవాడు మనల్ని తిట్టుకుంటాడు. వేడి బంక అయితే గోరువెచ్చని నీళ్లకు ఊడొస్తుంది.

అంతా అతికించాక తిత్తి పైకి లేచింది కానీ బ్లోయర్ ఆపితే వెంటనే కూలిపోతోంది. అప్పుడు మామయ్యగారు మా ఇంట్లో ఉన్నారు. విజయవాడలో ఆర్టీసీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, గాలి బ్రేకుల లీకులు వెతకడం ఆయనకు కొట్టినపిండి.

“సబ్బు నీళ్లు కొట్టి చూడండి అల్లుడుగారూ, బుడగ వచ్చిన చోట లీకు” అన్నారు.

“తోలు తడిస్తే బంక ఊడిపోతుంది మామయ్యగారూ.”

“అయితే అగరుబత్తి తెప్పించండి.”

అగరుబత్తి పొగ అతుకుల వెంట నడిపిస్తే లీకు ఉన్న చోట పొగ పక్కకు తన్నుకుపోయింది. పక్కన నీళ్ల బకెట్ పెట్టుకునే చేశాం, అంతా చెక్కే కదా. లీకులు మూలల్లో ఉంటాయనుకుంటే, ప్లైవుడ్ అంచుల్లోంచి, పొరల మధ్య నుంచి గాలి పోతోంది. అంచులన్నిటికీ పల్చని బంక రెండు పూతలు పూశాక తిత్తి దిగడానికి 4 సెకన్లు పట్టేది 31 సెకన్లయింది.

తర్వాతి తంటా, తిత్తి నుంచి గాలి పెట్టెకు వేసిన గొట్టం. 2 అంగుళాల వ్యాసం పెడితే 8 స్వరాలు ఒకేసారి నొక్కినప్పుడు ఒత్తిడి 4.0 నుంచి 3.1కి పడేది. 4 అంగుళాల గొట్టం వేశాక 3.8 దగ్గర ఆగింది. టకటకా మీటలు నొక్కితే బరువులు ఊగి స్వరం వణికేది. గాలి పెట్టె పక్కకు స్ప్రింగు ఉన్న చిన్న తిత్తి ఒకటి తగిలించాక అది చాలావరకు తగ్గింది.

ఖర్చు: బ్లోయర్ 220, ప్లైవుడ్, తోలు, బంక 140. మొత్తం 634 డాలర్లు.

దశ 5: గాలి పెట్టె, వాల్వులు

61 ఒకేసారి పెట్టలేదు. 25 నుంచి 73 వరకు 49 గొట్టాలు ముందు. ఇందులో 37 చెక్కవి, పైన 12 లోహపువి. పాత గాలి పెట్టెలో ఒక్కో స్వరానికి ఒక్కో చిన్న తోలు సంచి ఉండేది, అన్నీ పొడి అయిపోయాయి. అన్ని సంచులు కొత్తగా చేసే బదులు, గొట్టం కింద నేరుగా అయస్కాంతంతో తెరుచుకునే వాల్వులు వాడాను. వాడినవి ఒక్కోటి 4 డాలర్లు.

గాలి లేనప్పుడు 49 వాల్వులూ చక్కగా టకటకమన్నాయి. గాలి పెట్టగానే కిందివి ఏడు తెరుచుకోలేదు. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది: 32 మిల్లీమీటర్ల మూత మీద 4 అంగుళాల ఒత్తిడి అంటే సుమారు 82 గ్రాముల బరువు. అయస్కాంతం స్ప్రింగుతో పాటు దాన్ని కూడా లాగాలి. కరెంటు సప్లై 12 వోల్టులు ఇస్తోంది. అయస్కాంతాన్ని నడిపే డ్రైవర్ చిప్‌లో దాదాపు ఒక వోల్టు, సన్నని వైరులో 0.7 పోయి అయస్కాంతానికి చేరుతున్నది 10.3. సప్లైని 15 వోల్టులకు పెంచి, ఉమ్మడి వైరు మందంగా వేస్తే ఏడూ తెరుచుకున్నాయి. కాబట్టి వాల్వులు ఎప్పుడూ గాలి పెట్టే పరీక్షించాలి.

ఖర్చు: వాల్వులు 196, ప్లైవుడ్, స్క్రూలు, రబ్బరు పట్టీ 64. మొత్తం 894 డాలర్లు.

దశ 6: ఎలక్ట్రానిక్స్

ఇది తెలిసినవాళ్లు ఎక్కువ, క్లుప్తంగా రాస్తాను. నొక్కిన మీటను సంకేతంగా పంపే మిడి కీబోర్డు, దాన్ని చదివే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో మెగా, దాని దారులు పెంచే షిఫ్ట్ రిజిస్టర్లు, అయస్కాంతాలను నడిపే ఎనిమిది దారులున్న యూఎల్‌ఎన్ 2803 చిప్‌లు ఏడు. 56 దారులు, వాడేది 49.

- చిప్‌లో కామన్ పిన్నును 15 వోల్టుల ప్లస్‌కు కలపాలి. అయస్కాంతం ఆపినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజి దాని గుండానే పోతుంది. కలపకపోతే చిప్ పోతుంది.
- పక్కపక్క స్వరాలను ఒకే చిప్‌కు ఇవ్వకండి. స్వరాలన్నీ చేతి కిందే ఉంటాయి కాబట్టి ఒక్క చిప్పే వేడెక్కుతుంది. ఒకటో స్వరం ఒకటో చిప్‌కు, రెండోది రెండో చిప్‌కు, అలా పంచితే సరి.
- సప్లైకి ఫ్యూజు తప్పనిసరి.

ఖర్చు 85. మొత్తం 979 డాలర్లు.

దశ 7: పలికించడం, శ్రుతి

ఇక్కడే మొదటి దశలో రాసుకున్న 4.0 అక్కరకొచ్చింది. ఎంత తేడా వస్తుందో చూద్దామని బరువులు పెంచి 5 అంగుళాలు చేస్తే, మూత ఉన్న గొట్టాలు అసలు స్వరం వదిలి పైకి ఎగిరాయి. ఆక్టేవ్‌కు, అంటే పై షడ్జానికి, కాదు. మూత గొట్టంలో రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెండు రెట్ల హెర్ట్జ్) ఉండదు, మూడోదే ఉంటుంది. షడ్జం పలకాల్సింది పై స్థాయి పంచమం పలికింది. 3 అంగుళాలకు దించితే ఆలస్యంగా, గుసగుసగా పలికాయి. 4.0 దగ్గర 49లో 43 వెంటనే శుభ్రంగా పలికాయి, నోరు దగ్గర ఏమీ ముట్టుకోకుండానే. ఆ అంకె లేకపోతే ఈ 43 నోళ్ల మీదా కత్తి పెట్టి ఉండేవాణ్ని.

మిగిలిన ఆరు:

1. రెండింటి నోట్లో ధూళి, సాలెగూడు. మెత్తని కుంచెతో తీశాక పలికాయి. మొత్తం 45.
2. మూడింటికి బిరడా తోలు ఎండి కుంచించుకుపోయింది, బిరడా జారి కిందికి దిగుతోంది. కొత్త పల్చటి తోలు చుట్టాక నిలిచాయి. మొత్తం 48.
3. ఒక చెక్క గొట్టానికి అతుకు విడిపోయింది. వేడి బంక, బిగింపులు, రాత్రంతా. మొత్తం 49.

శ్రుతి చేయడం: బిరడా కిందికి నెడితే స్వరం పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. గొట్టాన్ని చేత్తో పట్టుకుని ఉంటే ఒంటి వేడికే స్వరం పైకి పోతుంది. జరపాలి, చెయ్యి తీయాలి, ఆగాలి, అప్పుడు చూడాలి.

చలికాలంలో బేస్‌మెంట్ 15 డిగ్రీలున్నప్పుడు ‘ఏ’ని 440కి పెట్టాను. వేసవిలో 23 డిగ్రీలకు గొట్టాలన్నీ 24 సెంట్లు పైకి వెళ్లాయి. వాటిలో వాటికి తేడా లేదు, అన్నీ కలిసే పెరిగాయి. కీబోర్డు సొంత శబ్దంతో కలిపి వాయిస్తే మాత్రం చెవికి పులుపు. ఇప్పుడు 21 డిగ్రీలకు, అంటే మీటింగ్ హౌస్‌లో ఉన్న లెక్కకే మళ్లీ చేశాను. గది ఎంత ఉన్నా, ఆ రోజు డిగ్రీలు చూసి కీబోర్డు శ్రుతినే జరుపుతున్నాను. 49 బిరడాలు కదిపే కంటే ఒక బటన్ నయం.

మిగిలిన పని

13 నుంచి 24 వరకు పన్నెండు గొట్టాలు గోడకు ఆనించి ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది 1.3 మీటర్లు, బేస్‌మెంట్ ఎత్తుకు ఇబ్బంది లేదు. ఇబ్బంది గాలితోనే. ఇవి మిగతావాటి కంటే చాలా ఎక్కువ తాగుతాయి, వాల్వు మూతలూ పెద్దవి కావాలి. వీటికి వేరే చిన్న గాలి పెట్టె, తిత్తి నుంచి వేరే 4 అంగుళాల దారి వేయాలని నిర్ణయం. చిప్‌లలో 7 దారులు ఖాళీ ఉన్నాయి, పన్నెండుకు ఇంకో చిప్ కావాలి. బ్లోయర్ సరిపోతుందా అన్నది 61 మీటల మీదా చేతులు పరిచి నీటి ట్యూబు చూస్తేనే తేలుతుంది. 3.6 కంటే కిందికి పడితే బ్లోయర్ మారుస్తాను, గొట్టాల జోలికి వెళ్లను.